తెలిసో తెలియకో

దారాలక్క రోమ్ ప్రయాణం భక్తితో మొదలవలేదు. ఈ మాట నేనంటే మా చర్చిలో సగం మంది నా మీద విరుచుకుపడతారు. పడనివ్వండి. జూబిలీ యాత్ర ఏర్పాట్లన్నీ ఆమె నెత్తిన వేసుకున్నప్పుడు "ఎంత విశ్వాసమమ్మా నీది" అని చేతులు జోడించినవాళ్ళలో ఒక్కరికీ ఆమె కడుపులో ఏముందో తెలియదు. నాకు తెలుసు. ఆమె బయలుదేరింది పగ తీర్చుకోవడానికి. నేను ఆమె పక్షం. అప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే.

నేను చర్చిలో ఆర్గన్ వాయిస్తాను. పీఠం దగ్గర ఫాదర్ గారు ఏం చేస్తున్నారో చూసుకోవడానికి నా ఎదురుగా ఒక చిన్న అద్దం ఉంటుంది. అందులో పీఠంతో పాటు ముందు వరసల్లో కూర్చున్న మొహాలు కూడా పడతాయి. నేను వాళ్ళకి వీపు తిప్పి ఉన్నాను కదా అని జనం ధైర్యంగా ఆవలిస్తారు, కునుకు తీస్తారు, గిట్టనివాళ్ళని చూసి మూతి తిప్పుతారు. అన్నీ చూస్తుంటాను.

దారాలక్క అసలు పేరు చాలామందికి తెలియదు. చర్చి వెనక ఒక్క కిటికీ గదిలో ఆమె కుట్టు మిషను. గురువుల పూజ వస్త్రాలు, పీఠం మీద గుడ్డలు, పాటల వాళ్ళ అంగీలు అన్నీ ఆమె చేతివే. జుట్టులోనో భుజం మీదో ఎప్పుడూ రెండు దారప్పోగులు అంటుకుని ఉంటాయి కాబట్టి ఆ పేరు. కుట్టడమే కాదు, పూజ గుడ్డలు ఉతికేది కూడా ఆమే. పూజలో పాత్ర తుడిచిన గుడ్డలకి ద్రాక్షరసం, అంటే పులియబెట్టిన ద్రాక్ష మద్యమే, అంటుతుంది. వాటిని మిగతా బట్టలతో కలపకూడదు. విడిగా నానబెట్టి, పవిత్రం కాబట్టి ఆ మొదటి నీళ్ళు మురిక్కాలవలో పోయకుండా మట్టిలో పోయాలి. పెళ్ళి కాకముందు నుంచీ చేస్తున్న పని అది, నిద్రలో లేపినా చేసేస్తుంది.

ఆమె భర్తని అందరూ కరెంటాయన అనేవాళ్ళు. చర్చిలో ఫ్యూజు పోయినా, మైకు గీపెట్టినా, గంట మోగకపోయినా ఆయనకే కబురు. నవ్వించే మనిషి. మద్యం సంగతి దేవుడెరుగు, దగ్గుమందు రెండు చెంచాలు తాగినా మూల చూసుకుని పడుకునేవాడు. ఆయనకి ఒక అన్నగారు. ఊళ్ళో ఎవరు ఇల్లు కట్టినా, రంగులు వేయించినా నిచ్చెనలూ ఇనప గొట్టాలూ అద్దెకిచ్చే దుకాణం ఆయనది. పైగా చర్చి పెద్దల సంఘానికి అధ్యక్షుడు. పెద్దాయన అని పిలుస్తారు, ఆయన కూడా ఆ పిలుపుకి తగ్గట్టే తల కాస్త పైకెత్తి నడుస్తాడు.

ఒక సాయంత్రం గంట ఇరుక్కుపోయింది. పెద్దాయన తమ్ముణ్ణి వెళ్ళి చూడమన్నాడు. చీకటి పడేలోగా కబురొచ్చింది, కరెంటాయన గంట గోపురం మీంచి పడి చనిపోయాడని. పక్కన నిచ్చెన లేదు, తాడు లేదు, చొక్కా నిండా మద్యం వాసన. తాగి గోపురం అంచు మీద నడవబోయి జారిపడ్డాడని పెద్దాయనే ఏడుస్తూ అందరికీ చెప్పాడు. ఏడుపు నిజమే కాబట్టి మాట కూడా నిజమే అనుకున్నారు జనం. సమాధి దగ్గర కూడా "మనిషి బంగారం, ఆ ఒక్క అలవాటు లేకపోతే" అని ఒకరి చెవి ఒకరు కొరికారు. ఆ మాటలు దారాలక్క వింటూనే ఉంది.

మర్నాడు ఆమె ఆ చొక్కా నానబెట్టింది. ముక్కుకి ఆ వాసన తగిలింది. తియ్యగా, బరువుగా, తను ప్రతి వారం చేతుల మీద మోసే వాసన. చేతులు వాటి అలవాటు ప్రకారం అవి పనిచేసుకుపోయాయి. మొదటి నీళ్ళు పెరట్లో మట్టిలో పోసింది, రెండోసారి జాడించింది, సబ్బు పెట్టి ఉతికి ఆరేసింది. చొక్కా తీగ మీద ఆరుతుంటే అప్పుడు మనసుకి అందింది. అది పూజ ద్రాక్షరసం. ఆ సీసాలు పెట్టే చర్చి అలమర తాళం ఇద్దరి దగ్గరే ఉంటుంది. అప్పటి ఫాదర్ గారు ఆ రోజు ఊళ్ళో లేరు. రెండో తాళం పెద్దాయన మొలతాడుకి ఉంది.

ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ తన చేత్తోనే ఉతికేసుకుంది. లోకంలో ఇంకో ఆడది అయితే అంత భద్రంగా ఉతికేది కాదు, ముందు ఆ చొక్కా పట్టుకుని వీధిలోకి పరిగెత్తేది. సంఘంలో ఒక పెద్దమనిషికి చెప్పి చూస్తే, దుఃఖంలో మతి చలించింది తల్లీ, నాలుగు రోజులు విశ్రాంతి తీసుకో అన్నాడు. ఆ తర్వాత ఆమె ఇంకెవరికీ చెప్పలేదు, నాకు తప్ప.

ఇన్నేళ్ళూ పెద్దాయన పూజలో ముందు వరసలో, దారాలక్క ఆయన వెనక వరసలో. బావగారూ అంటే బావగారు, అమ్మాయ్ అంటే అమ్మాయ్. ఆయన మెడ వెనక భాగాన్ని ఆమె చూసే చూపు నా అద్దంలో పడేది. ఆ చూపు తగిలితే నా వేళ్ళు తప్పు మెట్ల మీద పడేవి.

పోయినేడు కొత్త ఫాదర్ గారు జూబిలీకి రోమ్ యాత్ర ప్రకటించారు. అక్కడి పెద్ద చర్చిలో పాతికేళ్ళకోసారి తెరిచే పవిత్ర ద్వారం గుండా, సిలువ మోసుకుంటూ గుంపుగా నడిచి వెళ్ళాలి. పాపసంకీర్తనం చేసి, అంటే తెర చాటున గురువుకి పాపాలు చెప్పుకుని, శుద్ధమైన మనసుతో ఆ గుమ్మం దాటితే పరిపూర్ణ ఫలం, అంటే పాపాలకి పడాల్సిన శిక్ష కూడా పోతుందని చెప్పారు. అద్దంలో చూద్దును కదా, పెద్దాయన కళ్ళు వెలిగిపోయాయి. గుండెకి కోత పడి లేచిన దగ్గర్నుంచీ ఆయనకి చావు భయం పట్టుకుంది. పూజ అవ్వగానే మొదట పేరిచ్చింది ఆయనే. రెండోది దారాలక్క. ఏర్పాట్లన్నీ నేను చూసుకుంటానని కూడా అంది.

ఆ సాయంత్రం ఆమె గదికి వెళ్ళి, ఇదేంటక్కా, ఆయనకి సేవ చేస్తావా అని అడిగాను. సూదిలో దారం ఎక్కిస్తూ, "ఆయన ఆ గుమ్మం దాకా రావాలి చెల్లీ, దాన్ని కళ్ళతో చూడాలి, అప్పుడు ఆపాలి" అంది. దారం మొదటిసారికే ఎక్కింది.

ఇక చూడాలి ఆమె పనితనం. గదుల పంపకం ఆమె చేతిలో ఉంది కాబట్టి, గురకతో గోడలు అదరగొట్టే లెక్కల మాస్టారుని పెద్దాయన పక్క మంచానికి కేటాయించింది. గుంపంతటికీ ఒకే రంగు కండువాలు కుట్టింది. మాకు మెత్తటి నూలు, ఆయనకి మాత్రం మెడ గీరుకుపోయే బట్ట, అదీ "పెద్దవారు కదా, వెచ్చగా ఉంటుంది" అని స్వయంగా మెడలో వేసి మరీ. రోమ్‌లో చాలా నడవాలి కదా అని సాయంత్రాలు బడి మైదానంలో అందరి చేతా నడిపించేది. పెద్దాయన ఆయాసపడి ఆగితే వెనక నుంచి వచ్చి, ఇంకాస్త బావగారూ, ద్వారం దగ్గరికొచ్చేశాం అనేది. నేను పక్కకి తిరిగి నవ్వు మింగేదాన్ని. సిలువ ఎవరు మోయాలన్న మాటొచ్చినప్పుడు ఆయన పేరు చెప్పింది కూడా ఆమే. అందరూ చప్పట్లు కొట్టారు. పెద్దాయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

ఇవన్నీ చిల్లర సరదాలు. అసలు పని ఆమె ఒక ఆదివారం, పాపం పుణ్యం తెలియని మొహం పెట్టుకుని చేసింది. ఒకరికి అన్యాయం చేసి, వాళ్ళ క్షమాపణ అడక్కుండా ఆ ద్వారం దాటితే ఫలం దక్కుతుందా ఫాదర్ గారూ అని అందరి ముందూ అడిగింది. ఫాదర్ గారికి ఆ ప్రశ్న ఎంత నచ్చిందంటే, వచ్చే వారమే నియమం పెట్టేశారు. యాత్రకి వచ్చే ప్రతి ఒక్కరూ తాము నొప్పించిన వాళ్ళ ఇంటికి వెళ్ళి క్షమాపణ అడగాలి. తమని క్షమించని మనిషి ఒక్కరు మిగిలినా వాళ్ళు ఆగిపోవాలి. వీడ్కోలు పూజలో సిలువ మోసే మనిషి అందరి తరఫునా ఊరి క్షమాపణ అడగాలి, ఊరు క్షమించామని చెప్పాలి, అప్పుడే బస్సు కదలాలి.

ఆ నెల మా ఊరు చూసి తీరాల్సింది. ఎవరి గుమ్మంలో చూసినా ఎవరో ఒకరు నీళ్ళు నములుతూ నిలబడి ఉండేవాళ్ళు. పాటల బృందంలో ఇద్దరు ముందు నువ్వు అడగాలంటే నువ్వు అడగాలని కొత్తగా పోట్లాడుకుని, ఆ పోట్లాటకి కూడా క్షమాపణలు బాకీ పడ్డారు. ఒకాయన పక్కింటాయనకి తెలియని తప్పు ఒకటి ఒప్పేసుకుని, ఆయన మొహం చాటేయడంతో ఇప్పటికీ పాలమనిషి చేత కబుర్లు పంపుకుంటున్నాడు.

పెద్దాయన దారాలక్క గదికి చివరి వారంలో వచ్చాడు. నేను అంగీ పొడుగు దింపించుకోవడానికి అక్కడే స్టూలు మీద నిలబడి ఉన్నాను. ఆయన నన్ను చూసి కాస్త తడబడ్డాడు గానీ, సాక్షి ఉండటం కూడా మంచిదే అనుకున్నాడు కాబోలు, చేతులు జోడించాడు.

"అమ్మాయ్, తెలిసో తెలియకో నీ విషయంలో ఏదైనా పొరపాటు జరిగి ఉంటే క్షమించమ్మా."

దారాలక్క నోట్లోని గుండుసూదులు ఒక్కొక్కటే తీసి దిండుకి గుచ్చింది.

"ఏ పొరపాటు బావగారూ?"

"అదేనమ్మా, ఏదైనా సరే. మనుషులన్నాక..."

"ఏదైనా అంటే నేను దేన్ని క్షమించాలి? ఫలానాది చేశానని చెప్పండి. చెప్పిన తక్షణం క్షమిస్తాను. ఇది నా మాట."

పెద్దాయన తమ్ముడి సంగతి ఎత్తాడు. వాడి మీద నాకు మాత్రం ప్రేమ లేదా అన్నాడు, ఇంట్లో బాగా చూసుకోలేదేమో అన్నాడు, అప్పుడప్పుడూ విసుక్కున్నానేమో అన్నాడు. అసలు దానికి ఆమడ దూరంలోనే తిరిగాడు. దారాలక్క నా అంగీ అంచు మడుస్తూ పోయింది. చివరికి ఆయన లేచి, ఆలోచించి వస్తానమ్మా అని వెళ్ళాడు. ఆయన గుమ్మం దాటగానే ఆమె గుచ్చిన గుండుసూది అంగీ అంచు వదిలి నా మడమలో దిగింది.

ఆ శనివారం ఆయన పాపసంకీర్తనానికి వెళ్ళాడు. చాలాసేపు ఉన్నాడు. బయటికొచ్చినప్పుడు మొహం కడిగినట్టుంది. మెట్ల మీద దారాలక్క ఎదురైతే ఆగి, "ఫాదర్ గారికి అంతా చెప్పుకున్నానమ్మా. దేవుడు క్షమించాడు. ఇక నా మనసులో ఏం లేదు" అన్నాడు, అన్నం తిని చేయి కడుక్కున్నంత తేలిగ్గా.

ఆమె నేరుగా ఫాదర్ గారి గదికి వెళ్ళింది. పెద్దాయన ఏం చెప్పారని అడిగింది. ఫాదర్ గారు ఆ తెర వెనక విన్నది ఆయనకే తెలియదన్నట్టు ఉండాలి కదా, అలాగే ఉన్నారు. కూర్చోమన్నారు, మంచినీళ్ళిచ్చారు, బస్సు ఎన్నింటికని అడిగారు. ఆ మొహంలో జాలి గానీ, కోపం గానీ, ఎరుక గానీ ఆమె వెతికి వెతికి పట్టుకోలేకపోయింది. పోనీ నువ్వే అన్నీ ఫాదర్ గారికి చెప్పెయ్యక్కా అన్నాను. నేను చెబితే అది నా అనుమానం, ఆయన నోటితో వస్తేనే నిజం అంది.

అంత కోపంగా ఆమెను నేనెప్పుడూ చూడలేదు. "పోయింది నా మొగుడు. పరువు పోయింది నా మొగుడిది. నన్ను పిలవకుండా వాళ్ళు ముగ్గురూ కూర్చుని తేల్చేసుకున్నారు" అంది. ముగ్గురంటే పెద్దాయన, ఫాదర్ గారు, దేవుడు. మూడో ఆయన్ని అంత మాట అన్నందుకు నేను ఉలిక్కిపడ్డాను. కానీ తప్పేముంది? నాకైతే ఇప్పటికీ తప్పు కనపడదు.

వీడ్కోలు పూజ రోజు చర్చి కిక్కిరిసింది. పెట్టెలు గుమ్మం దగ్గర గుట్టగా పడేశారు, బయట బస్సు ఇంజను ఆన్ చేసి పెట్టుకుని ఉన్నాడు డ్రైవరు. పూజ చివర పెద్దాయన సిలువ పట్టుకుని పీఠం ముందుకొచ్చాడు. మెడ గోక్కున్నాడు. మేము తెలిసో తెలియకో ఎవరినైనా నొప్పించి ఉంటే క్షమించండి అని గట్టిగా చెప్పాడు. క్షమించాం, వెళ్ళి రండి అని చర్చి చర్చంతా అంది. నేను ముగింపు పాటకి చేతులు పైకెత్తాను.

"నేను క్షమించలేదు."

రెండో వరసలో దారాలక్క లేచి నిలబడి ఉంది. గొంతు పెంచలేదు. "అడిగారు, ఏ తప్పుకో చెప్పమన్నాను. చెప్పలేదు. ఇప్పుడు చెబితే ఇప్పుడే క్షమిస్తాను" అంది.

నా చేతులు గాల్లోనే ఉండిపోయాయి. ఫాదర్ గారు తలవంచుకున్నారు. ఒక్క మాట సాయం చేయలేరు ఆయన, ఎటూ చేయలేరు. పెద్దాయన అటు చూశాడు, ఇటు చూశాడు. సిలువ చేతిలో ఊగింది. ఆ గుమ్మం మీద ఆశ అంత గట్టిదో, గుండె అంత బలహీనమైందో తెలియదు గానీ, నోరు తెరిచాడు.

"ఆ రోజు వాడు తాగలేదు. నిచ్చెన నాది. మెట్టు చీలిందని నాకు తెలుసు. ఒక్కసారికి ఏం కాదులే, ఎక్కరా అన్నాను. తెలిస్తే దుకాణం మూతపడుతుందని నిచ్చెన దాచేశాను. లోపలి నుంచి సీసా తెచ్చి చొక్కా మీద పోశాను."

 దారాలక్క ఇన్నేళ్ళు ఎదురుచూసింది ఇంతే. ఇక్కడితో ఆగి ఉంటే ఆమె గెలిచి ఇంటికెళ్ళేది. కానీ కట్ట తెగింది, ఆయన ఆపుకోలేకపోయాడు.

"పోసేటప్పుడు వాడింకా బతికే ఉన్నాడమ్మా. కళ్ళు తెరిచి చూశాడు. ఎందుకన్నయ్యా అన్నాడు."

అద్దంలో ఆమె మొహం చూశాను. ఆ మొహాన్ని ఇక్కడ రాయను.

వెనక వరసల్లో గొడవ మొదలైంది. కొడతామన్నవాళ్ళు కొందరు, పోలీసులకి ఫోను చేయమన్నవాళ్ళు కొందరు. ఇన్నాళ్ళూ ఆ ఒక్క అలవాటు గురించి చెవులు కొరుక్కున్నవాళ్ళే అందరికంటే పెద్దగా అరిచారు. దారాలక్క చేయెత్తి అందర్నీ ఆపింది.

"మాటిచ్చాను కాబట్టి చెబుతున్నాను. క్షమించాను. బస్సెక్కండి బావగారూ."

క్షమించానన్న మాట అంత చల్లగా చెప్పొచ్చని నాకు అప్పటిదాకా తెలియదు. నడవాలో నేను ఆమెను పట్టుకుని, పోలీసులకి అప్పగించక్కా, ఇలాంటివాణ్ణి ఆ గుమ్మం దాటనిస్తావా అన్నాను. ఆమె నన్ను చూసి, "వాళ్ళు తీసుకెళ్తే నాకు దొరకడు చెల్లీ" అంది. నాకు అర్థం కాలేదు.

ఫాదర్ గారు చాలాసేపు పీఠం ముందు మోకరించి, చివరికి నియమం నియమమే, ఆమె క్షమించింది అన్నారు. బస్సు కదిలింది. పెద్దాయన కిటికీ పక్కన ఒంటరిగా కూర్చున్నాడు, ఆయన పక్కన కూర్చోవడానికి ఎవరూ సిద్ధపడలేదు. దారాలక్క నా పక్క నుంచి లేచింది. తిన్నగా వెళ్ళి ఆయన పక్క సీట్లో కూర్చుంది, ఆయన లేచి పోవడానికి దారి లేకుండా. నేను వాళ్ళ వెనక సీట్లోనే ఉన్నాను.

"ఎందుకన్నయ్యా అన్న తర్వాత ఏమన్నారు?" అని అడిగింది.

పెద్దాయన కిటికీ వైపు తిరిగాడు. ఆమె మళ్ళీ అడిగింది. మూడోసారి అడిగింది. 

"నిన్ను పిలవమన్నాడు."

"మీరేమన్నారు?"

"పిలుస్తానన్నాను."

 కొంగు సర్దుకుంది. రోమ్ ఇంకా చాలా దూరం ఉంది, విమానంలో కూడా ఆయన పక్క సీటే మార్పించుకుంటానని అప్పటికే డ్రైవరు వెనక కూర్చున్న టికెట్ల ఏజెంటుతో చెప్పేసింది. కరెంటాయన చివరి మాటలు లోకంలో ఆ ఒక్క నోట్లోనే ఉన్నాయని అప్పుడు నాకు అర్థమైంది.

"సరే బావగారూ," అంది దారాలక్క, ఆయన వైపు పూర్తిగా తిరిగి. "మళ్ళీ మొదట్నించి చెప్పండి."